పోఖ్రాన్ లెక్క రాతినే అడగాలి

ప్రతి ఏడాదీ మే 11 వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పోఖ్రాన్ మీద చర్చ తప్పదు. పొద్దున జెండాలు, కలాంగారి ఫొటోలు, జాతీయ సాంకేతిక దినోత్సవ శుభాకాంక్షలు. మధ్యాహ్నానికి అసలు రగడ మొదలవుతుంది: 1998లో మన హైడ్రోజన్ బాంబు నిజంగా పేలిందా, తుస్సుమందా? ఒక వర్గానికి ప్రభుత్వం చెప్పిందే వేదం. ఇంకో వర్గానికి విదేశీ పత్రికల్లో వచ్చిందే నిజం. ఎవరూ తగ్గరు. ఈసారి హిందూపురం నుంచి వచ్చి మా ఇంట్లో దిగిన బావ ఆ మెసేజ్‌లన్నీ నా భుజం మీదుగా చదివి, కాఫీ తాగుతూ తీర్పు చెప్పేశాడు. "పేలనీ, పేలకపోనీ, నీకేమి బావా? భూమి లోపల గదా. అంతా భూమే మింగేసింది. ఎవురికీ ఏమీ కాలా."

గ్రూపులో కొట్టుకుంటున్న రెండు వర్గాలకంటే బావ మాటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా లోలోపల నమ్మేది అదే. గాలిలో పేలిస్తే ప్రమాదం, నేల లోపల పేలిస్తే పీడా విరగడైంది. 1963 మాస్కో ఒప్పందం గాలిలో, నీళ్లలో, అంతరిక్షంలో అణు పరీక్షలను నిషేధించాక సంతకం పెట్టిన దేశాలు నేల లోపలికి దిగాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా జరిగిన రెండు వేలకు పైగా పరీక్షల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు భూగర్భంలోనివే.

నాకు అన్నం పెట్టేది రాయి. బెంగళూరులో బేస్‌మెంట్లు తవ్వే ముందు బోరు వేసి, కోర్ తీసి, రాయి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ నెర్రెలిచ్చిందో చూసి రిపోర్టు రాయడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను, రాయి దేన్నీ మింగదు. తగిలిన ప్రతి దెబ్బా దానిలోనే ఉంటుంది, చదవడం తెలిసినవాడికి కనబడుతుంది. పోఖ్రాన్ గొడవలో మనం మనుషుల మాటలు పట్టుకుని కొట్టుకుంటున్నాం. సాక్ష్యం నేలలో ఉంది. దానికి తాళం వేసి పెట్టుకున్నాం. ఆ తాళం వల్ల దేశానికి ఒరిగేదేమీ లేదనేది నా వాదన.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అమెరికా నెవాడా ఎడారిలో 1957 సెప్టెంబరు 19న 'రెయినియర్' అనే పరీక్ష చేసింది. 1.7 కిలోటన్నులు (ఒక కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడుతో సమానం), 274 మీటర్ల లోతు, అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన టఫ్ శిల. పేలిన క్షణంలో బాంబు చుట్టూ ఉన్న రాయి ఆవిరైపోయింది. దాని వెనుక రాయి కరిగింది. ఆ ఆవిరి ఒత్తిడి చుట్టూ ఉన్న రాతిని బయటికి తోసుకుంటూ, సెకను కూడా తిరక్కుండా, దాదాపు 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గుహను తయారుచేసింది. పైనున్న రాతి బరువు, లోపలి ఆవిరి ఒత్తిడి సరితూగిన చోట ఆ పెరుగుదల ఆగింది. గుహ గోడలకు కరిగిన రాయి పూతలా అంటుకుంది. కొద్దిసేపటికి పైకప్పు కూలింది, ఆ కూలిన చోటుకి పైరాయి, దాని చోటుకి ఇంకా పైరాయి. అలా పగిలిన రాళ్లతో నిండిన నిలువు గొట్టం ఒకటి వంద మీటర్లకు మించి పైకి పాకింది. దీన్ని 'చిమ్నీ' అంటారు. రెయినియర్‌లో అది నేల దాకా రాలేదు. కొండ పైన నిలబడి చూసినవాడికి ఏమీ జరగలేదనే అనిపిస్తుంది. బావ చెప్పిన "మింగడం" అంటే ఇదే.

అయితే గుహ దగ్గరితో కథ అయిపోదు. గుహ చుట్టూ రాయి పిండి పిండి అవుతుంది. దాని బయట ముక్కలవుతుంది. ఇంకా బయట బీటలు వారుతుంది. గుహ వ్యాసార్ధానికి కొన్ని రెట్ల దూరం దాటాక మాత్రమే రాయి ఊగి, తిరిగి యథాస్థానానికి వస్తుంది. ఆ చివరి ఊపే భూకంప తరంగంగా వేల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే గౌరిబిదనూరులోని భూకంప మాపక కేంద్రంలో మనం వినేది బాంబు చప్పుడు కాదు. బాంబు దెబ్బకు పగలకుండా తట్టుకున్న రాయి చేసిన చప్పుడు. బాంబు శక్తిలో అలా తరంగంగా బయటపడేది చాలా కొద్ది భాగం. మిగిలిందంతా వేడి రూపంలో, పగుళ్ల రూపంలో అక్కడే ఉండిపోతుంది.

లాల్‌బాగ్ గుట్ట ఎక్కినవాళ్లకు ఈ తేడా చెప్పడం తేలిక. కెంపేగౌడ బురుజు కింద ఉన్న ఆ నైస్ శిల వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. దాని మీద నలుపు, తెలుపు చారలు వంకరటింకరగా మడతలు పడి కనిపిస్తాయి. లోతులో, వేడిలో, లక్షల ఏళ్ల పాటు మెల్లగా నొక్కితే అదే గట్టిరాయి అలా ఒంగుతుంది. మిల్లీసెకన్లలో నొక్కితే దానికి ఒంగే తీరిక ఉండదు, పగలడమే. రాయి స్వభావం ఒక్కటే, దెబ్బ వేగం మారితే ప్రవర్తన మారిపోతుంది.

రాయికి ఇంకో బలహీనత ఉంది. నొక్కితే తట్టుకుంటుంది, లాగితే తట్టుకోలేదు. గ్రానైట్‌ను నలపడానికి కావలసిన బలంలో పదో వంతో, ఇంకా తక్కువో చాలు దాన్ని లాగి చీల్చడానికి. ఈ సంగతి ఇంజనీరింగ్ కాలేజీల కంటే ముందే వడ్డెరవాళ్లకు తెలుసు. బెంగళూరు చుట్టుపక్కల రాతిపని చేసే ఆ తెలుగు కుటుంబాలు వరసగా గుంతలు తొలిచి, ఇనప చీలలు దిగ్గొట్టి, గీత గీసినట్టు బండను రెండు చేస్తారు. సుత్తి దెబ్బ నొక్కుడే, కానీ చీల దాన్ని పక్కలకు లాగుడుగా మారుస్తుంది. బండ అక్కడ ఓడిపోతుంది.

భూగర్భ పేలుడులో ఆ పని నేల ఉపరితలమే చేస్తుంది. కింది నుంచి వచ్చిన నొక్కుడు తరంగం పైన గాలిని తాకగానే ఇక నొక్కడానికి ఏమీ ఉండదు, లాగుడు తరంగంగా తిరిగి కిందికి మళ్లుతుంది. క్యారమ్ కాయిన్లను వరసగా ఆనించి పెట్టి ఒక చివర కొడితే మధ్యవి కదలవు, చివరి కాయిన్ ఒక్కటే ఎగిరిపోతుంది. అలాగే పైపొర విడిపోయి గాలిలోకి లేచి మళ్లీ కింద పడుతుంది. దూరంలోని భూకంప మాపకాలు లోపలి పేలుడుతోపాటు ఈ లేచి పడడాన్ని కూడా నమోదు చేస్తాయి. 1971 నవంబరు 6న అలాస్కా దగ్గర అమ్చిట్కా దీవిలో అమెరికా దాదాపు 5 మెగాటన్నుల 'కానికిన్' బాంబును 1,790 మీటర్ల లోతులో పేల్చినప్పుడు పైనున్న నేల ఆరేడు మీటర్లు పైకి లేచింది. ఒక మైలుకు మించిన మందాన ఉన్న రాయి! దాదాపు 38 గంటల తర్వాత లోపలి గుహ కూలి నేల కిందికి దిగింది, ఆ పల్లంలో కొత్త చెరువు ఏర్పడింది. సముద్రపు ఒడ్డున రాళ్లు శాశ్వతంగా పైకి జరిగిపోయాయి. ఆ పరీక్షను అడ్డుకోవాలని బయల్దేరిన చిన్న బృందమే తర్వాత గ్రీన్‌పీస్ అయింది.

రాయి మారితే ఇదంతా మారిపోతుంది. నా వాదనకు ఇదే ఆయువుపట్టు కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్తాను.

ఉప్పు తీసుకోండి. 1961 డిసెంబరు 10న న్యూమెక్సికోలో కార్ల్స్‌బాడ్ దగ్గర 361 మీటర్ల లోతున ఉప్పు పొరలో 3.1 కిలోటన్నుల 'నోమ్' పేలింది. ఉప్పు ఒత్తిడికి జారుతుంది, పగుళ్లు పూడిపోతాయి. ఆ గుహ పైకప్పు పూర్తిగా కూలకుండా నిలబడింది. 1962 మేలో మనుషులు సొరంగం తవ్వుకుని లోపలికి వెళ్లారు. దాదాపు 50 మీటర్ల వెడల్పు, పాతిక మీటర్ల ఎత్తు, ఇంకా 60 డిగ్రీల వేడి. రేడియేషన్ తాకిడికి ఉప్పు గోడలు నీలం, ఆకుపచ్చ, ఊదా రంగుల్లోకి మారిపోయి ఉన్నాయట. మనిషి చేసిన గుహల్లో అంత వింతైనది ఇంకోటి ఉండదేమో.

ఇప్పుడు బంకమట్టి. 1970 డిసెంబరు 18న నెవాడాలో 'బేన్‌బెర్రీ'. 10 కిలోటన్నులు, 278 మీటర్ల లోతు. లెక్క ప్రకారం ఆ లోతు చాలినంత ఉంది. అమెరికన్లు వాడే సూత్రం చాలా సులువు: కిలోటన్నుల ఘనమూలాన్ని 122 మీటర్లతో గుణించాలి. 10 కిలోటన్నులకు 263 మీటర్లు వస్తుంది. అయినా మూడు నిమిషాలకే పక్కన నేల చీలి, ఆ చీలికలోంచి రేడియోధార్మిక ధూళి మూడు కిలోమీటర్ల ఎత్తుకు ఎగిసింది. అక్కడ పనిచేసేవాళ్లు 86 మంది మీద ఆ ధూళి పడింది.

కారణం కోసం వెతికితే రాయి దగ్గర తేలింది. మామూలుగా గుహ పెరిగి ఆగాక, బయటికి నెట్టబడిన రాయి కొంచెం వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి రావడంలో గుహ చుట్టూ రాయి బిగుసుకుని ఒక పంజరంలా ఏర్పడుతుంది. ఆ బిగింపు గుహలోని ఆవిరి ఒత్తిడికంటే ఎక్కువగా ఉంటే పగుళ్లు తెరుచుకోవు, ఆవిరి బయటికి రాదు. అంటే భూగర్భ పరీక్షను మూసి ఉంచేది పైన వేసిన మట్టి, కాంక్రీటు మాత్రమే కాదు, పేలుడే తన చుట్టూ తయారుచేసుకున్న బిగింపు. బేన్‌బెర్రీ దగ్గర నేలలో నీళ్లు పట్టిన బంకమట్టి ఎవరూ అనుకోనంత ఉంది. మెత్తటి మట్టి నెడితే వెళ్తుంది, వెనక్కి మాత్రం రాదు. పంజరం ఏర్పడలేదు. దగ్గర్లోని పాత భ్రంశం, అంటే నేలలోని పెద్ద పగులు, దారి చూపింది. ఆ దెబ్బతో అమెరికా కొన్ని నెలలు పరీక్షలు ఆపి, ప్రతి పరీక్షకు ముందు భూగర్భ పరిశోధన చేసే పద్ధతిని కఠినం చేసింది. "భూమి మింగేస్తుంది" అని నమ్మినవాళ్లు ఆ రోజు నేల కక్కింది కూడా చూశారు.

మన ఇంటికి వద్దాం. 1974 మే 18 ఉదయం 8 గంటల 5 నిమిషాలకు పోఖ్రాన్‌లో పేలిన మొదటి బాంబు 107 మీటర్ల లోతున ఉంది. చుట్టూ షేల్, ఇసుకరాయి. ప్రభుత్వం ప్రకటించిన శక్తి 12 కిలోటన్నులు. పైన చెప్పిన సూత్రం వాడితే 12 కిలోటన్నులను పూర్తిగా లోపలే ఉంచడానికి 280 మీటర్ల లోతు కావాలి. 107 మీటర్లు అంటే నేలను కదలకుండా ఉంచే ఉద్దేశమే లేదన్నమాట. అప్పట్లో దాన్ని శాంతియుత అణు విస్ఫోటనం అన్నారు, తవ్వకాలకు, కాలువలకు పనికొస్తుందన్నారు. దానికి నేతృత్వం వహించిన రాజా రామన్న, తుమకూరు జిల్లాలో పుట్టి తర్వాత బెంగళూరులో జాతీయ ఉన్నత అధ్యయన సంస్థను నడిపినాయన, అది బాంబేననీ, అంత శాంతియుతమేమీ కాదనీ 1997లో తేల్చేశారు. నేలకు మాత్రం ఆ పేరుతో పని లేదు. అది గుట్టలా పైకి లేచి, కూలి, 47 మీటర్ల వ్యాసార్ధం, 10 మీటర్ల లోతు ఉన్న గొయ్యిని మిగిల్చింది.

ఆ గొయ్యిని చూసి శక్తి చెప్పగలమా? రాత్రిపూట కాగితం మీద నేను వేసుకున్న లెక్క ఇది. 1962 జులై 6న నెవాడాలో 104 కిలోటన్నుల 'సెడాన్' 194 మీటర్ల లోతున వదులు మట్టిలో పేలి 390 మీటర్ల వెడల్పు, దాదాపు వంద మీటర్ల లోతు గొయ్యి చేసింది. వేర్వేరు శక్తుల్ని పోల్చాలంటే ప్రతి పొడవునూ కిలోటన్నుల ఘనమూలంతో భాగించాలి. సెడాన్ లోతు అలా భాగిస్తే 41 వస్తుంది, పోఖ్రాన్‌ది 47. దగ్గర దగ్గరే. గొయ్యి వ్యాసార్ధం మాత్రం సెడాన్‌కు 41, పోఖ్రాన్‌కు 20. సగం! "చూశావా, 12 అబద్ధం" అని ఎగరొచ్చు. ఆగండి. అదే నెవాడాలో 1964 డిసెంబరులో 'సల్కీ' అనే చిన్న పేలుడు, కిలోటన్నులో పదో వంతు కూడా లేనిది, గట్టి బసాల్ట్ రాతిలో 27 మీటర్ల లోతున జరిగింది. భాగిస్తే 60. అక్కడ గొయ్యే పడలేదు, రాళ్ల దిబ్బ లేచింది. పగిలిన రాయి ముక్కలు మొదటి బండకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, బయటికి పడేంత ఊపు లేకపోతే అక్కడే పేరుకుంటాయి. 41 దగ్గర పెద్ద గొయ్యి, 60 దగ్గర దిబ్బ. ఈ రెండింటి మధ్య చిన్న అడుగు పెద్ద తేడా తెస్తుంది, రాయి రకం ఇంకా పెద్ద తేడా తెస్తుంది. పోఖ్రాన్ 12 కిలోటన్నులు అనుకున్నా ఆ గొయ్యి కుదురుతుంది, బయటి నిపుణులు చాలామంది అనే 8 అనుకున్నా కుదురుతుంది. ఒట్టి గొయ్యి ఫొటో పట్టుకుని దేశభక్తినో, వెటకారాన్నో ఒలకబోసేవాళ్లను ఇద్దరినీ నేను నమ్మను.

1998 గొడవకు కూడా కీలకం ఇక్కడే ఉంది. మే 11 మధ్యాహ్నం 3 గంటల 43 నిమిషాలకు మూడు బాంబులు ఒకేసారి పేలాయి. పెద్దది హైడ్రోజన్ బాంబు, 200 మీటర్లకు పైన లోతు, అధికారిక శక్తి 43 నుంచి 45 కిలోటన్నులు. రెండోది మామూలు విచ్ఛిత్తి (ఫిషన్) బాంబు, 150 మీటర్లకు పైన లోతు, 12 కిలోటన్నులు. చాలామంది బయటి భూకంప శాస్త్రవేత్తల లెక్కలో మొత్తం శక్తి అధికారిక అంకెలో సగం కూడా రాలేదు. ఒకేసారి పేలిన రెండు బాంబుల తరంగాలు కొన్ని దిక్కుల్లో ఒకదానికొకటి అడ్డుపడి చిన్నగా కనిపించాయని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) శాస్త్రవేత్తలు, మన బెంగళూరు నుంచే వెలువడే 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశారు. తవ్వితీసిన నమూనాల రేడియోరసాయన విశ్లేషణలో హైడ్రోజన్ బాంబు శక్తి 50 కిలోటన్నులు, అటూఇటూ 10 అని తేలిందని 1999లో బార్క్ ప్రకటించింది. గొడవ సద్దుమణిగిందనుకుంటే, ఆ పరీక్షల్లో డీఆర్‌డీఓ తరఫున ముఖ్యుడైన కె. సంతానం 2009లో అడ్డం తిరిగారు. విచ్ఛిత్తి బాంబు దగ్గర గొయ్యి పడింది, హైడ్రోజన్ బాంబును దించిన బావి చెక్కుచెదరలేదు, అంత శక్తి నిజమైతే ఇలా ఎలా ఉంటుందని ఆయన ప్రశ్న. రెండు చోట్లా భూగర్భం వేరు, పోలిక చెల్లదని అణు శాస్త్రవేత్తలు ఆర్. చిదంబరం, అనిల్ కాకోద్కర్ జవాబిచ్చారు.

ఘనమూలం లెక్క మళ్లీ వేయండి. అధికారిక అంకెల ప్రకారం విచ్ఛిత్తి బాంబుకు 150ని 2.3తో భాగిస్తే 65. హైడ్రోజన్ బాంబుకు 200ని 3.5తో భాగిస్తే 57. లోతులు "పైన" అన్నారు కాబట్టి ఇవి కనీస అంకెలు, కానీ దాదాపు ఒకే తూకం. అంటే ఒకచోట గొయ్యి పడి ఇంకోచోట పడకపోవడానికి లోతు తేడా పెద్ద జవాబు కాదు. మిగిలింది రెండే: శక్తి తగ్గిందా, రాయి వేరా? ఆ పెద్దమనుషుల మధ్య తగాదా మొత్తం ఆ రెండు బావుల్లో ఏ లోతున ఏ రాయి ఉందన్న దాని మీద ఆగి ఉంది. బావి తవ్వేటప్పుడు రాసుకునే పట్టిక, మా భాషలో బోర్ లాగ్, నాలుగు కాగితాలు. బెంగళూరులో పది అంతస్తుల బిల్డింగు కట్టేవాడు కూడా దాన్ని ఫైల్లో పెడతాడు. ఆ కాగితాలు బయటపెడితే ఈ చర్చ పావు వంతుకు తగ్గిపోతుంది. ప్రెస్‌మీట్లు పెట్టారు, పట్టిక పెట్టలేదు.

"ఇవి దేశ రహస్యాలు, శత్రువుకు తెలిస్తే?" అనే ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. రేడియోరసాయన అంకెలు, ఏ ఐసోటోపు ఎంత అన్నది, బాంబు తయారీ రహస్యాలను బయటపెట్టగలవు. వాటిని దాచుకోండి. రాయి పేరు, దాని సాంద్రత, గట్టిదనం, నేల ఎంత కుంగింది, ఎంత జరిగింది, ఇవి చూసి ఎవడూ బాంబు చేయలేడు. చెప్పగలిగేది శక్తి మాత్రమే. శక్తిని మనమే ప్రకటించాం కదా.

పైగా శత్రువుకు మన అనుమతి అవసరం లేదు. 2017 సెప్టెంబరు 3న ఉత్తర కొరియా మంటాప్ కొండ కింద తన అతిపెద్ద పరీక్ష చేసింది. ఎనిమిదిన్నర నిమిషాలకు లోపల కూలిన చప్పుడు ఇంకో భూకంపంగా నమోదైంది. రాడార్ ఉపగ్రహాల బొమ్మలు పోల్చి చూసిన పరిశోధకులు, కొండ పక్కలు మూడున్నర మీటర్ల దాకా బయటికి జరిగాయని, అర మీటరు కుంగిందని, పేలుడు శిఖరం కింద దాదాపు 450 మీటర్ల లోతున జరిగిందని 2018లో ప్రచురించారు. ఆ దేశంలో అడుగు పెట్టకుండానే! అంతకు ముందే 1990ల నాటి రాడార్ బొమ్మలతో ఇదే పద్ధతిలో నెవాడా నేలను చూస్తే, పైన గొయ్యి పడని పరీక్షల చోట్ల కూడా తర్వాత నేల కుంగుతున్న ఆనవాళ్లు దొరికాయి. ఇక నుంచి ఎవరు ఎక్కడ పేల్చినా నేల కదలిక ఆకాశం నుంచి కనబడుతుంది. దాచేది సొంత జనం దగ్గరే అవుతుంది.

ఇందులో నాకు ఎక్కువ చిరాకు తెప్పించే సంగతి ఇంకోటి. ఇతరుల నేల చప్పుడు వినడంలో మనం ఆరితేరినవాళ్లం. బెంగళూరుకు ఉత్తరాన, హిందూపురం దారిలో, గౌరిబిదనూరులో 1965లో బ్రిటన్ సహకారంతో పెట్టిన భూకంప మాపకాల వరస ఇప్పటికీ ఉంది. ఎల్ ఆకారంలో రెండు చేతులు, ఒక్కోటి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, మొత్తం ఇరవై మాపకాలు. దూరం నుంచి వచ్చే తరంగం ఒక్కో మాపకాన్ని ఒక్కో క్షణంలో తాకుతుంది, ఆ తేడాలు సరిచేసి అన్నింటినీ కలిపితే లారీల చప్పుడు, గాలి చప్పుడు తగ్గి అసలు తరంగం తేలుతుంది, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. అక్కడే ఎందుకు పెట్టారంటే, లాల్‌బాగ్ గుట్టకు చుట్టాలైన అదే పాత గట్టి శిల, నిశ్శబ్దంగా, తరంగాన్ని పెద్దగా నష్టపోనివ్వకుండా మోస్తుంది. రోడ్డు మీద మా బావ బస్సులో ఎన్నిసార్లు దాటి ఉంటాడో. సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందంపై మనం సంతకం చేయలేదు, ఆ ఒప్పందపు అంతర్జాతీయ కేంద్రాల జాబితాలో ఇది లేదు.

వినడంలోనూ రాయిదే పెత్తనం. నెవాడా కింద భూమి వేడిగా, మెత్తగా ఉండి తరంగాన్ని తినేస్తుంది. కజక్‌స్థాన్‌లోని సెమిపలాటిన్‌స్క్ అనే సోవియట్ పరీక్షా మైదానం కింద పాత గట్టి నేల. ఒకే శక్తి గల బాంబు రెండోచోట పెద్దగా వినిపిస్తుంది. ఈ తేడాను సరిగ్గా సవరించుకోక, సోవియట్‌లు ఇద్దరూ ఒప్పుకున్న 150 కిలోటన్నుల పరిమితిని దాటి మోసం చేస్తున్నారని అమెరికాలో చాలా ఏళ్లు కొందరు గట్టిగా వాదించారు. చివరికి 1988లో రెండు దేశాలూ ఒకరి మైదానానికి ఒకరు వెళ్లి, బాంబు బావి పక్కనే బోరు వేసి, దానిలో కేబుల్ దింపి, పేలుడు తాకిడికి ఆ కేబుల్ ఎంత వేగంగా నలుగుతుందో కొలుచుకున్నారు. ప్రచ్ఛన్న యుద్ధంలో ఉన్న ఇద్దరు బద్ధ శత్రువులు! అనుమానాన్ని తగ్గించింది దౌత్యం ఒక్కటే కాదు, రాతిలో దించిన ఆ తీగ కూడా. మనవాళ్లు మనకే చూపించలేరా?

నీళ్ల సంగతి కూడా దీనికి ముడిపడిందే. బెంగళూరులో వెయ్యి అడుగుల బోరు వేసినవాళ్లకు తెలుసు, గట్టి బండలో నీళ్లుండవు, పగుళ్లలో ఉంటాయి. పగుళ్లు పెంచితే నీళ్ల దారులు పెరుగుతాయి. 1968 డిసెంబరులో నెవాడాలో పేలిన 'బెన్‌హమ్' తాలూకు ప్లుటోనియం 1.3 కిలోమీటర్ల దూరంలోని బావి నీళ్లలో దొరికిందని 1999లో పరిశోధకులు నిరూపించారు. ఐసోటోపుల పాళ్లు ఆ బాంబుతోనే సరిపోయాయి. ప్లుటోనియం రాయికి అంటుకుని కదలదని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు. కంటికి కనబడని నలుసుల మీద ఎక్కి అది ప్రయాణం చేసింది. పరిమాణం చాలా స్వల్పం, నిజమే. పోఖ్రాన్ బాంబులు చాలా చిన్నవి, ఎడారిలో నీటిమట్టం లోతు, అది కూడా నిజమే. అయితే ఇవి కొలిచి చెప్పవలసిన మాటలు, భరోసాగా చెప్పే మాటలు కావు.

పోఖ్రాన్‌కు దగ్గర్లో ఖేతోలై అనే ఊరుంది, 1998 పరీక్షల చోటుకి ఐదు కిలోమీటర్ల దూరం. ఆ ఊరికి దెబ్బ తగలకూడదనే హైడ్రోజన్ బాంబు శక్తిని 45 కిలోటన్నులకు పరిమితం చేశామని శాస్త్రవేత్తలు చెప్పారు. ఇళ్ల గోడలు బీటలు వారాయని ఊరివాళ్లు చెప్పారు. రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు. మా పనిలో ఇలాంటి తగాదా రోజూ ఉండేదే. బెంగళూరులో పునాది కోసం చిన్న బ్లాస్టింగ్ చేయాలంటే ముందు పక్కింటి గోడల ఫొటోలు తీస్తాం, ఉన్న బీటలకు పెన్సిల్‌తో గుర్తు పెడతాం, గోడ పక్కన వైబ్రేషన్ మీటర్ పెడతాం. నేల కంపించే వేగం ఎంతకు మించకూడదో గనుల భద్రతా విభాగం 1997లోనే రాసిపెట్టింది: మామూలు ఇళ్లకు, 8 హెర్ట్జ్‌కంటే తక్కువ పౌనఃపున్యంలో, సెకనుకు 5 మిల్లీమీటర్లు. తక్కువ పౌనఃపున్యానికి తక్కువ పరిమితి ఎందుకంటే, మెల్లగా పెద్దగా ఊపితే ఇల్లు ఎక్కువ దెబ్బతింటుంది. క్వారీ పేలుడుకంటే అణు పేలుడు ఊపు ఇంకా మెల్లనిది.

కాబట్టి నన్నడిగితే హైడ్రోజన్ బాంబు పట్టిక కంటే ముందు బయటికి రావాల్సినవి ఖేతోలై కాగితాలు. ఆ మధ్యాహ్నం ఊళ్లో పెట్టిన మీటర్ ఎన్ని మిల్లీమీటర్లు చూపింది, ఏ పౌనఃపున్యంలో, గోడలకు పేలుడు ముందు తీసిన ఫొటోలు ఏవి, ఆ చుట్టుపక్కల బావుల నీళ్లలో అప్పటి నుంచి ఏటేటా ఏం కొలిచారు. తర్వాత రెండు బావుల బోర్ లాగులు, ఆ తర్వాత నేల ఎత్తుల పటాలు, పరీక్షకు ముందువీ తర్వాతవీ. ఇందులో ఒక్కటి కూడా బాంబు ఎలా చేయాలో చెప్పదు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ జాబితా పెడితే ఒకాయన "పాకిస్తాన్ ఏజెంట్" అన్నాడు, ఇంకొకాయన "చూశారా, తుస్సుమందని ఒప్పుకున్నారు" అన్నాడు. బావ మాత్రం, గౌరిబిదనూరు పక్క నుంచి ఇంటికి పోయేవాడు కాబట్టేమో, ఆ వరసలో మన పోఖ్రాన్ కూడా వినబడిందా అని అడిగాడు. రాజస్థాన్‌లో పేలిన బాంబు అక్కడ వినబడకుండా ఎలా ఉంటుంది బావా, అన్నాను. "అయితే ఆ గీతలు చూపిచ్చమను" అన్నాడు.